విశాఖమండలమున ప్రధానోపాధ్యాయులు: వారి పాలనారీతులు

ఊరి పాఠశాలకు క్రొత్త హెడ్మాస్టరు వచ్చెనని తెలియగానే రచ్చబండయొద్ద మొదట పుట్టు ప్రశ్న యొకటి కలదు. “మనిషి ఎట్టివాడు? గట్టివాడేనా?” అని. ఆయన ఏమి చదివెనో, ఏ పాఠము చక్కగా చెప్పునో అడుగువారు అరుదు. గట్టివాడు అనగా పిల్లలును, ఉపాధ్యాయులును భయపడువాడని మన భావము. ముప్పదియేండ్లకు మించి తెలుగు పండితుడనుగా ఈ మండలమున ఊరూరను పనిచేసి, ఈ ప్రశ్నను ప్రతి యూరను వింటిని. కొంతకాలము దానికి నేనును గట్టిగనే సమాధానము చెప్పితిని. ఆ ప్రశ్న సరియైనదియేనా యన్న సందేహము నాకు ఆలస్యముగా కలిగినది. ఆ సందేహమే నేటి నా ప్రసంగమునకు మూలము. విశాఖపట్టణ ప్రాంతమున ఉన్నత పాఠశాలలు వెలసి నూటయేబది యేండ్లు దాటినవి. ఆ చరిత్రను కొంచెము తిరుగవేసి చూచినచో, పెద్దపంతులు పీఠముపై కూర్చున్నవారు ఎన్నిరీతుల పాలించిరో, ఏ రీతి నిలిచినదో, ఏది నిలువలేదో తెలియగలదు.

మన అలంకారశాస్త్రమున ఉపదేశము మూడు విధములని చెప్పుదురు. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమును చదివినవారెల్లరును ఈ విభాగము నెఱుగుదురు. వేదము ప్రభువువలె ఆజ్ఞాపించును, అది ప్రభుసమ్మితము. పురాణము మిత్రునివలె మంచిచెడ్డలు తెలిపి నచ్చజెప్పును, అది మిత్రసమ్మితము. కావ్యము ప్రియురాలివలె మనసు కరగించి, తెలియకయే దారికి తెచ్చును, అది కాంతాసమ్మితము. ఇది గ్రంథములనుగూర్చి చెప్పిన మాటయే యైనను, పాఠశాలను నడపువారికిని చక్కగా సరిపోవుచున్నది. కొందఱు ఉత్తరువుచే నడపుదురు, కొందఱు మాటచే నడపుదురు, కొందఱు తమ నడవడిచేతనే నడపుదురు. శాస్త్రము చెప్పని నాలుగవ జాతి యొకటి కలదు: దానికి ఉపేక్ష యని పేరుపెట్టుదము. గదిలో కూర్చుండి సంతకములు చేయుచు, పాఠశాల తనంతట తానే నడచునని నమ్మువారు ఆ జాతివారు. వారినిగూర్చి చెప్పవలసినది అంతగా లేదు.

పూర్వము మన వీథిబడులయందు ప్రధానోపాధ్యాయుడన్న వాడు లేడు. అరుగుమీద ఒక పంతులు, ఎదుట ఇసుకలో ఓనమాలు దిద్దు పిల్లలు. ఆయనయే గురువు, ఆయనయే అధికారి, ఆయనయే గుమాస్తా. మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధాని యంతటను విచారణ జరిపించి, 1826లో వ్రాసిన నివేదికలో అట్టి బడులు 12,498 ఉన్నవని తేల్చెను. ఒక్క పంతులు అందఱకును చెప్పజాలడు గనుక, ముందు నేర్చిన పెద్దపిల్లవాడు వెనుకవానికి నేర్పుట ఆ బడుల ఆచారము. ఈ యాచారము ఎంతదూరము పోయినదో వినుడు. 1789లో మదరాసు ఎగ్మూరునందలి అనాథబాలుర శాలకు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు పర్యవేక్షకుడయ్యెను. మన బడిపిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి ఆయన ముచ్చటపడి, తన శాలలో అట్లే నేర్పుమని ఉపాధ్యాయులను కోరగా వారు ఒప్పుకొనలేదు. అప్పుడాయన ఎనిమిదేండ్ల బాలునికి ఆ తరగతి నప్పగించెను. బాలుడు నెఱవేర్చెను. 1797లో బెల్ దొర లండనులో ఆ సంగతి గ్రంథముగా ప్రకటించెను. అది మదరాసు పద్ధతియను పేర ఇంగ్లండున వేలకొలది పేదపిల్లలకు అక్షరములు నేర్పినది. అధికారమును ఒకరియొద్దనే ఉంచక పిల్లవానికైనను పంచియిచ్చుట మన యరుగుబడినుండి పోయిన విద్య. తరువాత మనమే దానిని మఱచితిమి.

విశాఖపట్టణమున ఇంగ్లీషు చదువునకు మొదట బాటవేసినవారు మిషనరీలు. 1805లో లండన్ మిషను పక్షమున క్రాన్, డెగ్రాంజెస్ అను ఇద్దఱు ఇచ్చట దిగిరి. 1840లో వచ్చిన జాన్ హే దొర అర్ధశతాబ్ది ఈ ప్రాంతముననే గడపెను. 1854లో ఇంగ్లండు నుండి వచ్చిన ఉడ్ దొర విద్యాశాసనపత్రము గ్రాంటు పద్ధతిని నెలకొల్పినది. ఆ తరువాతనే, 1860లో, పట్టణమున ఒక ఆంగ్లో వర్నాక్యులరు పాఠశాల ఆరంభమయ్యెను. 1878లో అది హిందూ కళాశాలయయ్యెను. దాత అంకితము వెంకట నరసింగరావుగారి సతీమణి పేర 1892 నుండి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల యని పిలువబడుచున్నది. ఒక సంస్థ స్త్రీపేర, అందును ఆమె భర్తపేరి పొడియక్షరములతో, నేటికిని నిలిచియుండుట మీరందఱు నెఱిగినదే. సర్ సి.వి.రామన్ తండ్రి అచ్చట ఉపన్యాసకుడు. రామన్ సెయింట్ అలోషియస్ పాఠశాలలో మెట్రిక్యులేషన్ ముగించి, ఎఫ్.ఏ. చదివినది ఈ కళాశాలయందే.

ఈ నూతన పాఠశాలలతోనే ప్రధానోపాధ్యాయుడను పదవి మన దేశమున పుట్టినది. వీథిబడి పంతులు ఊరివారికి మాత్రము జవాబుదారి. హెడ్మాస్టరు అట్లు కాదు. పైన ఇన్‌స్పెక్టరు, క్రింద ఉపాధ్యాయులు, ఎదుట పిల్లలు, వెలుపల తలిదండ్రులు, నడుమ తాను. పరీక్షాఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతి కొంతకాలము సాగినది. తనిఖీదినమున పిల్లవాడు తడబడినచో సొమ్ము తగ్గును. అట్టి స్థితిలో హెడ్మాస్టరు చూపు పిల్లవానిపై గాక ఇన్‌స్పెక్టరుపై నిలుచుట సహజము. మన పాఠశాలలలో ప్రభుసమ్మితరీతి ఇంత గాఢముగా పాతుకొనుటకు ఇదియొక కారణము. అది గురుకుల సంప్రదాయమని చాలమంది యనుకొందురు. అందు సగము గురుకులమైనచో సగము గ్రాంటు లెక్క.

నేను చదువుకొన్న ఉన్నత పాఠశాలలో అట్టి ప్రభువొకరు హెడ్మాస్టరుగా నుండిరి. ఊరి పేరును, వారి పేరును చెప్పను. ఆయన చెప్పుల చప్పుడు వరండాలో వినబడగానే తరగతులు నిశ్శబ్దమగుచుండెను. గంట కొట్టిన నిమిషమునకు గేటు మూయుచుండిరి. పరీక్షాఫలితములు బాగుగనే ఉండెడివి. పాఠశాల సొమ్ములో దమ్మిడీ తాకి యెఱుగరు. ఊరి పెద్దమనిషి కుమారునికైనను మార్కులలో ఒకటి కలుపలేదు. ఆ గుణములకు నేను నేటికిని చేయెత్తి నమస్కరింతును. అయినను ఒక సంగతి చెప్పవలెను. ఆయన సెలవుమీద ఉన్న దినమున మా పాఠశాల పాఠశాలగా ఉండెడిది కాదు. బల్లలెక్కి దూకుట, కిటికీలు విఱుగుట, ఉపాధ్యాయులు స్టాఫ్ రూమునందు ముచ్చటలాడుట. వారి క్రమశిక్షణ యంతయు వారి చెప్పులలో నుండెను. చెప్పులతోపాటు అదియును ఊరు వెడలెడిది.

ఇట్టి విషయమునే అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున కుర్ట్ లెవిన్ అను మనశ్శాస్త్రవేత్త తన సహచరులతో కూడి పరీక్షించి 1939లో ప్రకటించెను. పదేండ్ల యీడు బాలురను చిన్నచిన్న సంఘములుగా చేసి, వారిచేత నాటకపు మొగములవంటి వస్తువులు చేయించిరి. ఒక సంఘనాయకుడు ఆజ్ఞలతో నడపెను. ఒకడు బాలురతో ఆలోచించి నడపెను. ఒకడు వారి యిష్టమునకు విడిచెను. ఆజ్ఞాపించువాడు గదిలోనున్నంతసేపు పని చురుకుగా సాగెను. అతడు వెలుపలికి పోగానే పని నిలిచిపోయెను. కలిసి ఆలోచించువాడు వెలుపలికి పోయినను పిల్లలు పని సాగించిరి. విడిచిపెట్టిన సంఘమున పని మిక్కిలి తక్కువ. మన ప్రభుసమ్మితము, మిత్రసమ్మితము, ఉపేక్ష అనునవి సముద్రముల కావల వేఱుపేర్లతో కనబడినట్లయినది. నాయకుడు గది విడిచిన పిదప ఏమగును? ఈ యొక్క గీటురాయి చేతబట్టుకొని మన చరిత్రను ముందునకు చూతము.

ఇరువదవ శతాబ్దారంభమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండినవారు పి.టి.శ్రీనివాస అయ్యంగారు. 1863లో జన్మించిన తమిళులు. చరిత్రయందును, తత్త్వశాస్త్రమునందును గొప్ప పండితులు. తరువాతికాలమున తమిళుల చరిత్రను గూర్చి వారు వ్రాసిన గ్రంథము 1929లో వెలువడి ప్రసిద్ధి కెక్కినది. వారి పాండిత్యమును ప్రశంసించుట నేటి నా యుద్దేశము కాదు. ఒక దినమున వారు చెప్పిన యొక చిన్న సమాధానమును గూర్చి చెప్పెదను.

1907 ప్రాంతమున జె.ఏ.యేట్స్ అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చెను. చిన్నతరగతులలో తెలుగు పండితులు పాఠము చెప్పుట ఆయన వినెను. పుస్తకములోని మాట నొకదానిని పండితుడు చదువును. దానికర్థమని మఱియొక కఠినమైన మాట చెప్పును. పిల్లలు రెండింటిని కంఠస్థము చేయుదురు. ఆయనకొక సందేహము పుట్టెను: ప్రజలు మాటలాడు భాష యొకటి, పుస్తకములలో భాష యొకటి యేల? అడిగిన పండితులెవ్వరును తృప్తికరముగా జవాబు చెప్పలేకపోయిరి. అప్పుడాయన అయ్యంగారి నడిగెను.

పెద్దలారా, ఇన్‌స్పెక్టరు దొర ప్రశ్న అడిగినప్పుడు ఒక ప్రిన్సిపాలు ఏమి చేయును? తెలిసినను తెలియకున్నను ఏదో యొకటి చెప్పును. పై యధికారి యెదుట తెలియదనుట పదవికి మచ్చ యని తలచును. అయ్యంగారు అట్లు చేయలేదు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు ఇద్దఱున్నారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు, వారి నడుగుడని చెప్పిరి. రామమూర్తిగారు ఏ పాఠశాలకును అధిపతి కాదు. 1880 నుండి పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులు. తన జీతములోనుండి ఖర్చుపెట్టి సవరపిల్లలకు బడి పెట్టి, వారి భాష నేర్చి, వారి భాషలోనే చదువు చెప్పినవారు. ఒక కళాశాలాధిపతి తనకంటె చిన్న పదవిలోని యుపాధ్యాయుని వైపు వ్రేలు చూపి, తెలిసినవాడు ఆయన యని చెప్పుటలోని పెద్దఱికమును గమనింపుడు.

యేట్స్, అయ్యంగారు, గురజాడ, గిడుగు, ఈ నలువురి కలయికనుండి వ్యావహారిక భాషోద్యమము పుట్టినది. అయ్యంగారు 1909లో దేశభాషల పక్షమున ఆంగ్లమున చిన్నపుస్తకము నొకదానిని వ్రాసిరి. 1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును కావ్యభాషలోగాని, ఆధునికభాషలోగాని వ్రాయవచ్చునని ఉత్తరువు వెలువడెను. పండితులు గగ్గోలు పెట్టిరి. జయంతి రామయ్య పంతులుగారు ప్రముఖులై 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్య పరిషత్తు గట్టిగా ఎదిరించెను. కొలది యేండ్లకే ఆ స్వేచ్ఛ చేజాఱినది. 1914లో గురజాడవారు తమ అసమ్మతిపత్రమును వ్రాసిరి. మఱుసటి సంవత్సరమే పరమపదించిరి. ఉద్యమము మాత్రము నిలువలేదు. పత్రికలలోనికి, పాఠ్యపుస్తకములలోనికి క్రమముగా వ్యాపించినది. అయ్యంగారు విశాఖపట్టణము విడిచినను వారు త్రోవచూపిన పని ఆగలేదు. గీటురాయికి నిలిచినది.

నేను పండితవర్గమువాడను. భాషాప్రవీణ చదివి, చిన్నయసూరి వ్యాకరణముతో పెరిగినవాడను. నేటికిని కాగితము ముందు పెట్టుకొన్నచో నా కలము ఈ గ్రాంథికమునే వ్రాయును. అలవాటు వదలలేదు, సిగ్గుపడుటయు లేదు. అయినను యేట్స్ దొర ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయిన పండితులలో నేనును ఉండియుందునని ఒప్పుకొనక తప్పదు. ఆ ప్రశ్న నన్ను ఎట్లు వెంటాడెనో కొంచెము సేపటిలో మనవి చేసెదను.

నడవడిచే నడపినవారిని ఇప్పుడు స్మరింతము. వీరు విశాఖపట్టణమువారు గాకున్నను మన తెలుగువారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున ఆంగ్లో వర్నాక్యులరు పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నుండి, 1874లో ఆ యూరనే బాలికలకు పాఠశాల పెట్టించిరి. స్త్రీవిద్య మంచిదని వ్యాసము వ్రాసి యూరకుండలేదు. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1904 మొదలు 1919 వఱకు కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. ఆడుపిల్లలను కళాశాలలో చేర్చుకొనిరి. లోకము పంచములని దూరముంచిన కులముల బిడ్డలను చేర్చుకొనిరి. నియమములలో వ్రాసినదానికంటె వారి తెల్లని దుస్తులు, వారి బ్రతుకు పిల్లలకు ఎక్కువ పాఠము చెప్పినవి. వారిని బ్రహ్మర్షి యని పిలిచినది ప్రభుత్వము కాదు, ప్రజలు.

వీరేశలింగము పంతులుగారి విషయమున మఱియొక మాట. కావ్యభాషలో నిష్ణాతులైన ఆయన, తుదిదినములలో, 1919లో, వ్యావహారికభాషా సమాజమునకు అధ్యక్షులుగా నుండుట కంగీకరించిరి, రామమూర్తిగారు కార్యదర్శి. ఆ సంవత్సరమే పంతులుగారు కన్నుమూసిరి. డెబ్బదియేండ్ల వయసున, తన కీర్తికి మూలమైన విషయమున, తన యభిప్రాయమును మార్చుకొనుట ఎంత కష్టమో ఆ వయసునకు చేరువగుచున్న నాకు తెలియును.

ఇక మన కాలమునకు వత్తము. 1933లో విశాఖపట్టణపు ఓడరేవు తెఱవబడినది. 1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడి, జిల్లా బోర్డులకు చెందిన ఉన్నత పాఠశాలలు వాని క్రిందికి వచ్చినవి. ఉక్కు కర్మాగారము కొఱకు 1966లో ప్రజలు ఉద్యమించిరి, ప్రాణములర్పించిరి. 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. ఆ నడుమ ఎన్నియో పల్లెలు నేలమట్టమైనవి. అచ్చటివారు గాజువాక చుట్టుప్రక్కల పునరావాస కాలనీలకు చేరిరి.

అట్టి కాలనీపిల్లలు చదువు ఒక పాఠశాలలో నేను ఉద్యోగారంభమున పనిచేసితిని. ప్రక్కప్రక్కన ఏనాడును బ్రతుకని పల్లెలవారు ఒక్కచోట పడిరి. తరగతిలో పిల్లలు పల్లెవారీగా బల్లలు పంచుకొనిరి. మంచినీటి కుండయొద్ద దినమును కొట్లాటయే. మా హెడ్మాస్టరుగారు బెత్తము పట్టవచ్చును. మాలో కొందఱము అట్లే చేయుమంటిమి. ఆయన వారము దినములు సాయంకాలము కాలనీలలో తిరిగివచ్చి ఉపాధ్యాయులను సమావేశపఱచిరి. “ఈ పిల్లలు బడిలో కొట్టుకోవడం లేదండీ. ఊళ్లు పోయినవాళ్లు, బల్ల అయినా మాదే ఉండాలంటున్నారు. ఏం చేద్దామో మీరే చెప్పండి,” అని మమ్ము అడిగిరి. మా డ్రాయింగు మాష్టరు ఒక యుపాయము చెప్పెను. నీటికుండ కావలికి ఒక్కొక్క పల్లెనుండి ఒక్కొక్కడు, అందఱును కలిసి ఒక జట్టు. నీళ్లు తెచ్చుట, పోయుట, కుండ కడుగుట వారి పని. కుండ పగిలినచో ఆ జట్టుదే పూచీ. నెలలోపల కొట్లాట సగము తగ్గినది. హెడ్మాస్టరుగారు బదిలీయై పోయినను, ఆ కుండజట్టు సాగుచునే యుండెను. తరువాత కొళాయి వచ్చినప్పుడు, కొళాయిజట్టని దానికి పేరు మార్చిరి.

ఇప్పుడు నా సంగతి. ఇరువది యేండ్ల క్రిందట, సముద్రతీరమునందలి యొక యున్నత పాఠశాలలో హెడ్మాస్టరు పదవి ఖాళీ కాగా, సీనియారిటీనిబట్టి ఇంచార్జి బాధ్యత నాపై పడినది. పండితునికి ఆ కుర్చీ దొరకుట అరుదు. గట్టివాడని పేరు తెచ్చుకొనవలెనని నాకు కోరిక కలిగినది. వేసవి వేటనిషేధము ముగిసి పడవలు నీట దిగిన పిదప, జాలరిపల్లె పిల్లలు ఏడుగురు వారముల తరబడి బడికి రాలేదు. వేట కలిసివచ్చు దినములు అవి. తీరమున వలలు లాగుటకు, చేపలు ఎండవేయుటకు ఇంటిలోని ప్రతి చేయియు కావలెను. నేను హాజరుపట్టీ చూచితిని, నియమము చూచితిని, ఎఱ్ఱసిరా కలము తీసి ఏడు పేర్లను కొట్టివేసితిని. అందు ముగ్గురు తొమ్మిదవ తరగతివారు, ఒకడు పద్యములు రాగయుక్తముగా చదువువాడు.

వారములోపల ఒక ముసలి జాలరి వచ్చి నా గది గుమ్మముకడ నిలుచుండెను. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. “పంతులుగారూ, ఏట ఉన్నప్పుడే కదండీ మాకు గింజలు. సముద్రం మీ గంట ఇనదు కదండీ,” అనెను. నేను నియమమును గూర్చి చెప్పితిని. నాకు వచ్చిన భాషలోనే చెప్పితిని. నిరంతర గైరుహాజరు, నిబంధన, పునఃప్రవేశము, ఇట్టి మాటలు. ఆయన తల యూపి వెడలిపోయెను. నా మాటలలో ఒక్కటియు ఆయనకు చేరలేదని నాకప్పుడే తెలిసినది. తెలిసియు పిలువలేదు.

పదునొకండు నెలలకు క్రొత్త హెడ్మాస్టరుగా ఒక అమ్మగారు వచ్చిరి. బాధ్యత అప్పగించుచు నేను రిజిస్టర్లు చూపితిని. ఎఱ్ఱసిరా గీతలు చూచి ఆమె నన్ను మందలింపలేదు. “మాష్టారూ, ఈ ఏడుగురి ఇళ్లు మీకు తెలుసా? సాయంత్రం మనిద్దరం వెళదాం,” అనిరి. నన్ను వెంటబెట్టుకొని పోవుటలో ఆమె యుద్దేశము నాకు తరువాత బోధపడినది. తప్పు చేసినవాడే ఆ తలుపు తట్టవలెను. ఏడుగురిలో ఐదుగురు తిరిగి వచ్చిరి. పద్యములు చదువువాడు రాలేదు. వాడు అప్పటికే గుజరాతు తీరమున పడవలపై కూలికి పోయినాడు. మఱియొకడును అంతే. మఱుసటి వేటకాలము నుండి ఆమె ఉపాధ్యాయులతో ఆలోచించి, ఆ నాలుగైదు వారములు సాయంకాలము పల్లెలోని రామమందిరము అరుగుమీద తప్పిన పాఠములు చెప్పు ఏర్పాటు చేసిరి. నేనును వంతు తీసికొంటిని. ఇసుక, అరుగు, దీపము; మా తాతలనాటి వీథిబడియే. సముద్రము మా గంట వినకపోయినను, మా గంట సముద్రమును వినుట నేర్చినది. ఆమె బదిలీయై పోయిన పిదపకూడ నేను ఆ యూరనున్న రెండేండ్లును ఆ యరుగుబడి జరిగినది. హాజరు చూచుటకు పెద్దపిల్లలే ముందుకు వచ్చిరి.

పెద్దలారా, ఇందుచే ప్రభుసమ్మితము పనికిరాదని నా యభిప్రాయము కాదు. పాఠశాల సొమ్మునకు, పిల్లల క్షేమమునకు, ఆడుపిల్లల భద్రతకు ఆజ్ఞయే కావలెను. అచ్చట సలహాసంఘము కూర్చుండుట తగదు. నేను ఆజ్ఞను చూపవలసినచోట కాక, చెవి యొగ్గవలసినచోట చూపితిని. మంచి వైద్యుడు ఒక్క మాత్రతో అన్ని జ్వరములను మాన్పజూడడు. ఏది ఎప్పుడో తెలియుటయే ఆ పీఠమున కూర్చుండువాని విద్య.

ఇక మీ వంతు. నేడు ప్రధానోపాధ్యాయుడు ఒక్కచోట చిరకాలముండడు. కొలది యేండ్లకు బదిలీ తప్పదు. ఆయన పోవును, మీరుందురు, మీ మనుమలుందురు. 2009 విద్యాహక్కు చట్టము పాఠశాల యాజమాన్య సంఘములను ఏర్పఱచి, వానిలో సభ్యులు నాలుగింట మూడు పాళ్లు తలిదండ్రులే యుండవలెననియు, సగము స్త్రీలుండవలెననియు చెప్పుచున్నది. పెక్కు గ్రామములలో ఆ సంఘము సంతకములకు మాత్రమే కూడుచున్నదని నేనెఱుగుదును. కూడినప్పుడు మూడు విషయములు విచారింపుడు. హెడ్మాస్టరు సెలవులో ఉన్న దినమున బడి ఎట్లున్నది? తనకు తెలియనిదానిని తెలిసినవారి నడుగు అలవాటు ఆయనకు కలదా? హాజరుపట్టీలో పేరు తప్పిన పిల్లల యిండ్లకు ఎవరు పోయివచ్చిరి? ఈ మూడింటికి మంచి సమాధానములు దొరకినచో, మనిషి గట్టివాడా యని అడుగ నక్కఱలేదు. మూడవదానికి సమాధానము లేనిచో, హెడ్మాస్టరును నిందించుటకు ముందు ఆయనతో మీలో ఒక్కరు ఆ యింటికి నడిచి రండు. త్రోవ మీకే బాగుగా తెలియును.

ఎఱ్ఱసిరాతో నేను కొట్టివేసిన ఆ రెండు పేర్లు నాకు నేటికిని కంఠస్థమే. ఇచ్చట చెప్పను, అవి వారివి. వారు ఎచ్చటనున్నను క్షేమముగా నుందురు గాక.